ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత ఒంటికి ఆగడం లేదు, నాయన నీళ్లు తాగడమే మానేశారు

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇది ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను.

మా నాయనకు 68 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మతో ఆదోనిలో ఉంటారు. పోయిన ఏడాది ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడితే హైదరాబాదులో ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే రక్తపరీక్ష) బాగా దిగిపోయింది, క్యాన్సర్ సంగతి నిశ్చింతగా ఉండమన్నారు. ఇప్పుడు ఇంట్లో టెన్షన్ అంతా ఒంటికి గురించే. మూత్రపు పైపు తీసిన కొత్తలో దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా పడిపోయేది. నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. ఈమధ్య మళ్లీ ఎక్కువైంది.

దీనికి ఆయన సొంతంగా కనిపెట్టిన మందు నీళ్లు మానేయడం. ఆదోని ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంత ఎండలో పొద్దుటి కాఫీ తప్ప మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు ముట్టరట. మజ్జిగ ఇచ్చినా వద్దంటారట. పెళ్లిళ్లకు రావడం లేదు. సాయంత్రం బస్టాండు దగ్గర పాత డ్రైవర్లంతా కూర్చునే టీ అంగడికి కూడా పోవడం మానేశారు. ఇదంతా అమ్మ చెబితేనే తెలిసింది. కూతురిని కదా, నా దగ్గర నోరు విప్పరు. డైపర్లు కొనిస్తే కవరు కూడా చింపకుండా బీరువాలో పెట్టారు. మందుల షాపులో అడిగి ఏదో మాత్ర తెచ్చుకుని వేసుకుంటున్నారని నిన్ననే అమ్మ చెప్పింది.

మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.


శెనక్కాయ_రైతు (కళ్యాణదుర్గం)

అమ్మా, నాదీ ఇదే కథ. మాలాంటోళ్లకు ఇంకో చిక్కు ఏందంటే పంచె. ప్యాడ్ నిలవాలంటే బిగుతుగా ఉండే డ్రాయర్ ఉండాలి, పంచెలో వదులుగా ఉంటే జారిపోతుంది. నేను పంచె కిందికే టైట్ డ్రాయర్ వేస్తున్నా. మీ నాయనకు పెద్ద డైపర్ వద్దు, మగవాళ్ల ప్యాడ్ వేరుగా దొరుకుతుంది, ముందువైపు మందంగా ఉంటుంది. అది ఇచ్చి చూడండి. డైపర్ అనగానే మంచాన పడ్డోడి సామాను అనిపిస్తుంది మాకు.


పాత_హెడ్మాస్టర్ (అనంతపురం)

తల్లీ, ముందు నీళ్ల సంగతి. నీళ్లు మానితే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం మూత్రసంచికి ఒరుపు పెడుతుంది, అప్పుడు కొంచెం చేరినా పోవాలనిపిస్తుంది. పైగా ఇన్ఫెక్షన్, మలబద్ధకం. మలబద్ధకంతో ముక్కితే, ఆపుకోవడానికి మిగిలిన కండరాలమీదే బరువు పడుతుంది. నాయన దేన్ని తగ్గించాలనుకుంటున్నారో అదే పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలని మా డాక్టరు చెప్పారు. మన సీమ ఎండల్లో చెమట ఎక్కువ కాబట్టి ఇంకాస్త కూడా కావాలి. ఒకేసారి చెంబెడు ఎత్తిపోసుకోకుండా పగలంతా కొద్దికొద్దిగా తాగాలి, పడుకునే రెండు మూడు గంటల ముందు తగ్గించాలి. మూత్రం లేత పసుపులో ఉందా లేదా అన్నదే లెక్క. తగ్గించాల్సినవి కాఫీ, టీ, సిగరెట్, మద్యం. కారం కొందరికి పడదు, నాకైతే ఎర్రకారం దోశ తిన్న రోజుకూ తినని రోజుకూ తేడా ఏమీ కనపడలేదు. కాబట్టి అనవసరంగా నోరు కట్టించకండి.

ఇక ఇది ఎందుకు వస్తుందో ఆయనకు ఎవరైనా బొమ్మ గీసి చెబితే సగం దిగులు పోతుంది. మగవాళ్లకు మూత్రాన్ని ఆపే కండరాలు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మూత్రసంచి మెడ దగ్గర, ఇంకోటి ప్రోస్టేట్‌కు కింద. గ్రంథి తీసేటప్పుడు పైదాని పని దాదాపు పోతుంది. అంతవరకూ ఇద్దరు చేసిన కాపలా కింద ఉన్నది ఒక్కటే చేయాలి. దానికి బలం రావడానికి నెలలు పడుతుంది. చాలామందికి ఏడాది లోపల బాగవుతుంది, కొందరికి ఆ తర్వాత కూడా మెరుగవుతూ ఉంటుంది. సాయంత్రానికి ఎక్కువ పడటం మామూలే, పొద్దుటినుంచి పనిచేసిన కండరం అలసిపోతుంది.

కీగెల్ వ్యాయామం చేయిస్తున్నారా? నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా బిగబడతాం చూడు, ఆ కండరమే. బిగించి కొన్ని సెకన్లు ఉంచి, అంతసేపు వదలాలి. నేను పేపర్ చదువుతూ చేసేవాణ్ని. ఎడిటోరియల్ చదివేటప్పుడు బిగించడం తేలిక, కోపం తోడవుతుంది.

బడిలో చిటికెన వేలు చూపించి లేచే పిల్లాడి అవసరం ఎంత నిజమో నాకు ఈ వయసులో అర్థమైంది.


మూలిక_మిత్ర (కడప)

ఇంగ్లీషు మందుల జోలికి పోకండి. పల్లేరు కాయల కషాయం పరగడుపున పెద్ద గ్లాసెడు, నలభై రోజులు. మూత్ర సమస్య ఏదైనా పోవాల్సిందే. మా తాతల కాలంనుంచీ ఇదే.


వార్డు_సిస్టర్ (కర్నూలు)

యూరాలజీ వార్డులో పనిచేసి రిటైరైన నర్సును. పల్లేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

తుంగభద్రమ్మా, మీ పోస్టులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "తగ్గుతూ వచ్చి మళ్లీ ఎక్కువైంది" అన్నారు. ఆపరేషన్ వల్ల వచ్చే కారుడు మామూలుగా మెల్లగానైనా తగ్గే దారిలోనే పోతుంది. వెనక్కి తిరిగిందంటే వేరే కారణం వెతకాలి. అమ్మను అడిగి కొన్ని విషయాలు చెప్పండి. ధార ఎలా వస్తోంది, ముందులా ఉందా, సన్నబడిందా? ముక్కి పోయాల్సి వస్తోందా? పోసి వచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు ఉంటోందా? రాత్రి పడుకున్నప్పుడు పక్క తడుస్తోందా? దగ్గు, తుమ్ము మీద వచ్చే కారుడు పడుకుంటే తగ్గుతుంది, అందుకే అడుగుతున్నాను. షుగర్, బీపీ ఉన్నాయా, ఉంటే ఏ మాత్రలు? మందుల షాపు మాత్ర పేరు స్ట్రిప్ చూసి రాయండి. ఆ ఒక్కటి మాత్రం ఇవాళే.


తుంగభద్ర_గట్టు

సిస్టర్, అమ్మతో మాట్లాడాను. నాయన బాత్రూంలో చాలాసేపు ఉంటున్నారట. ధార సన్నగా, ఆగి ఆగి వస్తోందని ఎప్పుడో ఒకసారి అమ్మతో అన్నారట. రాత్రిళ్లు పక్క తడుస్తోంది, పొద్దున్నే ఆయనే దుప్పటి ఉతికేస్తున్నారట, అమ్మకు కూడా చెప్పకుండా. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్‌తోపాటు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ ఇచ్చారు. బీపీకి ఆమ్లోడిపిన్. షాపులో ఇచ్చింది సోలిఫెనాసిన్.


వార్డు_సిస్టర్

సోలిఫెనాసిన్ ఇక వేసుకోవద్దని చెప్పండి, డాక్టరు చూసేదాకా. అది మంచి మందే. ఉన్నట్టుండి తోసుకొచ్చి బాత్రూం దాకా ఆగనివాళ్లకు మూత్రసంచి బిగింపును తగ్గించడానికి ఇస్తారు. కానీ దారి సన్నబడి లోపల మూత్రం మిగిలిపోయే మనిషికి ఇస్తే మొత్తం బందు అయిపోయే ప్రమాదం ఉంది.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే నాకు వచ్చే అనుమానం ఇది. ఆపరేషన్‌లో మూత్రసంచిని కిందికి లాగి మూత్రనాళానికి కుడతారు. కొందరిలో ఆ కుట్టు మానేటప్పుడు మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుంది. అప్పుడు సంచి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. నిండిన బిందె అంచుల మీదుగా పొర్లినట్టు, లోపల పట్టనిదంతా కొద్దికొద్దిగా కారిపోతుంది. బయటినుంచి చూస్తే రెండూ కారడమే. ఒకటి ఆపలేక కారడం, ఇంకోటి పోలేక కారడం. వైద్యం పూర్తిగా వేరు. రెండోదానికి ఎన్ని కీగెల్స్ చేసినా లాభం లేదు. నేను డాక్టరును కాను, అనుమానమే చెబుతున్నాను, తేల్చేది పరీక్ష.

పరీక్ష కూడా పెద్దదేం కాదు. యూరోఫ్లోమెట్రీ అని గరాటు పెట్టిన మెషిన్‌లో ఒంటికి పొమ్మంటారు, ధార వేగం గ్రాఫ్ వస్తుంది. వెంటనే పొట్టమీద స్కాన్ పెట్టి లోపల ఎంత మిగిలిందో చూస్తారు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి మూత్రం కల్చర్‌కు పంపుతారు. కర్నూలు పెద్దాసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది, ఆపరేషన్ కాగితాలు, పీఎస్ఏ రిపోర్టులు తీసుకుని వెళ్లండి. హైదరాబాదు దాకా పోనక్కర్లేదు ఈ పరీక్షకు.

షుగర్ మాత్ర గురించి కూడా చెప్పండి డాక్టరుకు. డాపాగ్లిఫ్లోజిన్ పనిచేసేదే చక్కెరను మూత్రంలో బయటికి పంపించి, అందుకని మూత్రం ఎక్కువవుతుంది, కిందిభాగంలో ఫంగస్ ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. నీళ్లు తాగకుండా ఆ మాత్ర వేసుకోవడం మరీ మంచిది కాదు. మీ అంతట మీరు ఆపకండి, షుగర్ డాక్టరును అడగండి. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి కాళ్లు వాస్తాయి, పడుకున్నాక ఆ నీరంతా రాత్రి మూత్రంగా దిగుతుంది. సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే రాత్రి లేవడం తగ్గుతుంది.

వీటిలో ఏది వచ్చినా ఓపీ కోసం ఆగకండి: మూత్రం అస్సలు రాకపోయి పొత్తికడుపు ఉబ్బితే, చలిజ్వరం వస్తే, రక్తం గడ్డలు గడ్డలుగా పడితే. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్లెవరైనా సరే, కొత్తగా నడుంనొప్పి వచ్చి కాళ్లు బలహీనమై మూత్రం అదుపు తప్పితే అదే రోజు ఎమర్జెన్సీకి పోవాలి, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో చూడాలి.

ఇక పల్లేరు. మూత్రం ఎక్కువ చేస్తుందనే కదా పెద్దలు వాడేది. దారి మూసుకుపోయిన మనిషికి మూత్రం పెంచే కషాయం గ్లాసెడు పట్టిస్తే ఏమవుతుందో ఆలోచించండి మిత్రమా.


మూలిక_మిత్ర

నేను మంచికే చెప్పాను. మీరు మా తాతలను వెక్కిరించక్కర్లేదు.


వార్డు_సిస్టర్

వెక్కిరించలేదు అన్నా. ఏ మనిషికి అన్నది చూడకుండా ఏదైనా మూత్ర సమస్యకు ఒకటే మందు అనడమే వద్దంటున్నా. సోలిఫెనాసిన్ ఇచ్చిన షాపతనికీ నేను చెప్పేది అదే మాట.


మోడరేటర్

ఈ గొడవ ఇక్కడితో చాలు. కషాయాల మీద వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి.


పెద్దదర్గా_వీధి (కడప)

అస్సలాం అలైకుం, అందరికీ నమస్తే. నాకు ఆపరేషన్ కాదు, రేడియేషన్ ఇచ్చారు, దాంతోపాటు హార్మోన్ ఇంజెక్షన్లు. కాబట్టి నా బాధ వేరే రకం. కారేది తక్కువ, తోసుకొచ్చేది ఎక్కువ. అంగట్లో కస్టమర్ ముందర బట్ట చింపి కొలుస్తుంటే మధ్యలో వదిలేసి పరుగెత్తాల్సి వచ్చేది. మంట. రాత్రి నిద్ర లేదు. రేడియేషన్ జరుగుతున్నప్పుడు మొదలై, అయిపోయిన కొన్ని వారాలకు చాలావరకు సర్దుకుంది. మిగిలినదానికి మిరాబెగ్రాన్ అని తోసుకొచ్చేది తగ్గించే మాత్ర రాసిచ్చారు, బీపీ చూసుకుంటూ వాడమన్నారు.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రకన్నా గడియారం. మూడు రోజులు ఏ టైముకు పోయానో, ఎంత పోశానో మగ్గుతో కొలిచి రాయమన్నారు. అది చూసి డాక్టరమ్మ, గంటకోసారి పోతున్నారు కదా, ఇంకో పావుగంట ఆగి పోండి, అది అలవాటయ్యాక మరో పావుగంట అన్నారు. తోసుకొచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి కింది కండరాన్ని గబగబా నాలుగైదుసార్లు బిగిస్తే ఆ ఉధృతి దిగుతుంది, అప్పుడు మెల్లగా నడిచి పోవాలి. నమ్మలేదు నేను. కానీ పనిచేస్తుంది.

నమాజు విషయంలో చాలా బాధపడ్డాను. వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) చేసి నిలబడగానే చుక్క పడితే ఎట్లా? మసీదుకు పోవడమే మానేద్దామనుకున్నాను. మా మౌల్వీ సాబ్‌ను అడిగితే, ఆపుకోలేని జబ్బు ఉన్నవాడికి షరియత్‌లో మినహాయింపు ఉంది, ప్రతి నమాజు వేళ వచ్చాక కొత్తగా వుజూ చేసుకో, ఆ వేళలో చుక్క పడినా ఆ కారణంగా వుజూ పోదు అన్నారు. ప్యాడ్ మార్చుకుని పోతున్నాను. మనవాళ్లలో ఇది తెలియక మసీదు మానేసినవాళ్లు ఉంటారని రాస్తున్నాను. రంజాన్‌లో ఇఫ్తార్‌నుంచి సెహరీ దాకా నీళ్లు మెల్లగా తాగుతాను, లేకపోతే మరుసటి రోజు మంట తట్టుకోలేను.

రేడియేషన్ అయినవాళ్లకు ఇంకో మాట. చాలాకాలం తర్వాత కూడా మూత్రంలో రక్తం రావచ్చు. నాకు వచ్చింది. రేడియేషన్ దెబ్బకు మూత్రసంచి లోపలి పొర దెబ్బతిని రక్తనాళాలు పెళుసుబారతాయట. అది రేడియేషన్ వల్లేలే అని ఊరుకోవద్దు, కెమెరా వేసి చూడాలి, లోపల ఇంకో గడ్డ ఏదీ లేదని తేల్చాలి. నాకు మామూలుదే అని తేలింది, కడిగి పంపించారు. మరీ ఎక్కువైతే ఆక్సిజన్ చాంబర్‌లో కూర్చోబెట్టే వైద్యం కూడా ఉందన్నారు, పెద్ద ఊళ్లలోనే దొరుకుతుంది.


ఫిజియో_అనంత (అనంతపురం)

హెడ్మాస్టర్ గారు కండరాన్ని బాగా చెప్పారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది దాన్ని వదిలేసి వేరేదాన్ని బిగిస్తుంటారు, అందుకే కొంచెం రాస్తాను.

పొట్ట బిగించకూడదు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట బిగిస్తే మూత్రసంచిని పైనుంచి నొక్కినట్టే, ఇంకా కారుతుంది. సరైన కండరం బిగిస్తే పురుషాంగం మొదలు కొంచెం లోపలికి, వృషణాలు కొంచెం పైకి కదలాలి. అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు, సిగ్గేం లేదు. ఒంటికి పోతూ మధ్యలో ఆపి చూడటం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి సరే, రోజూ దాన్నే వ్యాయామంగా చేయకండి, సంచి పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. పైపు ఉన్నన్నాళ్లు అసలు చేయకూడదు.

మొదట పడుకుని, తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి. నిలబడి చేసేదే అసలైనది, ఎందుకంటే కారేది నిలబడినప్పుడే. ఐదు సెకన్లతో మొదలుపెట్టి పది సెకన్లకు పెంచాలి. ఎంతసేపు బిగించారో అంతసేపు వదలాలి. ఒక విడతకు పది, రోజుకు మూడు విడతలు. వాటితోపాటు గబుక్కున బిగించి గబుక్కున వదిలేవి కూడా కొన్ని, తుమ్ముకు పనికొచ్చేవి అవే. ఎక్కువ చేస్తే త్వరగా తగ్గుతుందనుకుని రోజంతా బిగించేవాళ్లున్నారు, కండరం అలసిపోయి ఇంకా ఎక్కువ కారుతుంది.

దగ్గు వచ్చేముందు బిగించు, తర్వాత దగ్గు. కుర్చీలోంచి లేచేముందు బిగించు, తర్వాత లే. బిందె ఎత్తేముందు కూడా అంతే. ఇది అలవాటైనవాళ్లకు ప్యాడ్లు తగ్గడం నేను చూస్తున్నాను. ఒంటికి పోసి వచ్చాక ప్యాంటులో నాలుగు చుక్కలు పడే బాధ వేరు. మూత్రనాళంలో ఒంపు దగ్గర మిగిలింది అది. పోయడం అయ్యాక వృషణాల వెనకనుంచి ముందుకు వేళ్లతో మెల్లగా నొక్కుకుంటూ వస్తే అది అక్కడే బయటికి వచ్చేస్తుంది.

అయితే తుంగభద్ర గారి నాయనకు ఇవేవీ ఇప్పుడే వద్దు. సిస్టర్ చెప్పిన పరీక్ష ముందు.


ప్రొద్దుటూరు_ఇల్లాలు

మా ఆయనకు అయి చాలా రోజులైంది. మీరంతా మగవాళ్ల కష్టం రాస్తున్నారు, సరే. నేను దుప్పట్ల సంగతి రాస్తా.

పరుపు మీద ముందు రబ్బరు షీటు, దానిమీద పాత చీర మడతలు, దానిమీద దుప్పటి. ఇంకో జత పక్కనే. అర్ధరాత్రి పైజత తీసేస్తే కింద సిద్ధంగా ఉంటుంది, లైటు వేసి ఇల్లంతా లేపక్కర్లేదు. తడిసిన గుడ్డలను వేడినీళ్లలో నానబెడితే వాసన పట్టుకుంటుంది, ముందు చల్లనీళ్లలో జాడించాలి. చర్మం ఒరిసిపోకుండా ప్రతిసారీ కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పల్చగా రాస్తా. పౌడరు వద్దు, తడికి ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది.

ప్యాడ్లు రోజుకు ఇన్ని అని లెక్కపెట్టి డబ్బులు పోతున్నాయని ఆయన ఒకే ప్యాడ్ పొద్దంతా ఉంచుకునేవాడు. గజ్జల్లో పుండ్లు పడ్డాయి, దాని మందుకు ప్యాడ్లకంటే ఎక్కువైంది. ఇప్పుడు ఇంట్లో ఉన్నప్పుడు ఉతికే గుడ్డ ప్యాడ్, బయటికి పోయేటప్పుడు మాత్రం కొన్నది.

తుంగభద్రమ్మా, మీ అమ్మను కూడా ఒకసారి అడుగు, ఆమె రాత్రిళ్లు నిద్రపోతోందా అని.


రెండో_ఇన్నింగ్స్ (హిందూపురం)

ఏడాది దాటినా తగ్గనివాళ్ల కోసం రాస్తున్నా. నేను అన్నీ చేశాను, కీగెల్స్ కూడా ఫిజియో దగ్గర నేర్చుకునే చేశాను. ప్యాడ్‌లు నానిపోతూనే ఉండేవి. వంటింటి తూకంలో పొడి ప్యాడ్, తడి ప్యాడ్ తూచి తేడా రాయమన్నారు డాక్టరు, ఒక గ్రాముకు ఒక మిల్లీలీటరు లెక్క. ఆ లెక్క చూశాకే ఆపరేషన్ మాట వచ్చింది.

ఆపరేషన్లు ముఖ్యంగా రెండు రకాలు. కొంచెం, ఓ మాదిరి కారేవాళ్లకు స్లింగ్, అంటే మూత్రనాళం కింద ఒక పట్టీ పెట్టి పైకి లాగి ఆనిస్తారు. ఎక్కువ కారేవాళ్లకు కృత్రిమ స్ఫింక్టర్, అంటే మూత్రాన్ని ఆపే కండరం పని చేసే పరికరం. నాకు పెట్టింది అదే, బెంగళూరులో. మూత్రనాళం చుట్టూ నీళ్లు నిండిన చిన్న పట్టీ, వృషణాల తిత్తిలో చిన్న పంపు, కడుపులో చిన్న బుడ్డ. ఒంటికి పోవాలంటే పంపు నొక్కాలి, పట్టీ వదులవుతుంది, కాసేపటికి దానంతట అదే బిగుసుకుంటుంది. పెట్టిన వెంటనే వాడనివ్వరు, పుండు మానడానికి కొన్ని వారాలు ఆపి అప్పుడు ఆన్ చేస్తారు. ఖర్చు లక్షల్లో, అది దాచడం ఎందుకు. యంత్రం కాబట్టి ఏళ్లు గడిచాక అరిగిపోవచ్చు, ఇన్ఫెక్షన్ వస్తే తీసేయాల్సి రావచ్చు.

ఇది ఉన్నవాళ్లు పర్సులో ఒక కాగితం పెట్టుకోవాలి. ఏ ఆసుపత్రిలో పడ్డా, స్ఫింక్టర్ ఉందని తెలియకుండా ఎవరైనా మూత్రపు పైపు తోస్తే మూత్రనాళం చిరిగే ప్రమాదం ఉంది. మా ఇంట్లో అందరికీ నేర్పించాను, ఏడేళ్ల మనవడు కూడా చెబుతాడు.

ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు క్లాంప్ ఉంది, బయటినుంచి బిగించే క్లిప్. బస్సు ప్రయాణానికి, ఫంక్షన్‌కు సరే. గంట, రెండు గంటలకోసారి వదిలి ఒంటికి పోవాలి. రాత్రి పెట్టుకుని పడుకోకూడదు, రక్తం ఆడదు. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టరును అడగకుండా వాడకండి.


పాత_హెడ్మాస్టర్

హిందూపురం సార్, మీరు ఇంత విప్పి రాయడం గొప్ప సంగతి. మాకైతే అప్పట్లో పక్కబెడ్ ఆయన చెప్పిందే వేదం.


తుంగభద్ర_గట్టు

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఆసుపత్రుల చుట్టూ తిరగడమే సరిపోయింది.

సిస్టర్ అనుమానమే నిజమైంది. స్కాన్‌లో ఒంటికి పోసి వచ్చాక కూడా లోపల చాలా మిగిలి ఉందని చూపించింది. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ ఉంది, ముందు దానికి మందులిచ్చారు. తర్వాత కెమెరా వేసి చూసి, కుట్టు దగ్గర మెడ ఇరుకైందని చెప్పి లోపలినుంచే కోసి వెడల్పు చేశారు. కొన్నాళ్లు పైపు పెట్టి తీసేశారు. ఇప్పుడు ధార బాగా వస్తోంది, రాత్రి పక్క తడవడం లేదు. షుగర్ మాత్ర కూడా మార్చారు. డాక్టరు ముందే చెప్పినట్టు, దారి తెరుచుకున్నాక దగ్గినప్పుడు పడేది కొంచెం ఎక్కువైంది. మళ్లీ ఇరుకు కావచ్చు, ధార సన్నబడితే వెంటనే రమ్మన్నారు.

నాయనకు ఈ చర్చ ప్రింట్ తీసి ఇచ్చాను. నాతో ఏమీ అనలేదు. అమ్మతో మాత్రం "ఆ హిందూపురం ఆయన గట్టోడు" అన్నారట. ఫిజియో దగ్గరకు వెళ్లడానికి ఒప్పుకున్నారు. నీళ్లు తాగుతున్నారు, చెంబు మీద మార్కర్‌తో గీతలు గీసుకుని మరీ.

మంత్రాలయం పోదామని అడుగుతున్నారు. బస్సా, రైలా?


శెనక్కాయ_రైతు

రైలే. ఆదోని నుంచి మంత్రాలయం రోడ్డు స్టేషన్ దాకా పెట్టెలోనే బాత్రూం ఉంటుంది. అక్కడినుంచి గుడికి ఆటోలో పోవాలి, దిగగానే స్టేషన్లో ఒకసారి పోయి రమ్మనండి. స్పేర్ డ్రాయర్, రెండు ప్యాడ్లు, తడిది చుట్టడానికి కవరు. కాఫీ గుడి అయ్యాక తాగమనండి.

సిస్టర్, నాదొక ప్రశ్న. శెనక్కాయలు పీకే రోజుల్లో పొద్దంతా చేన్లో ఉండాలి. ప్యాడ్ చెమటకే తడిసిపోతోంది. కండోమ్ క్యాథెటర్ అంటున్నారే, అది పెట్టుకుని వంగి పని చేయొచ్చా?


వార్డు_సిస్టర్

చేయొచ్చు. పురుషాంగానికి తొడుగు, దానికి పైపు, తొడకో పిక్కకో కట్టుకునే సంచి. లోపలికి పోయేదేం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ భయం లోపలి పైపుకంటే తక్కువ. వెంట్రుకలు కత్తిరించి, సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి. నూనె, క్రీము ఉంటే అంటుకోదు, జారిపోతుంది. చివర కొంచెం ఖాళీ వదలాలి, లేకపోతే ఒరుస్తుంది. రోజుకోసారి మార్చాలి, రాత్రి తీసేసి గాలి తగలనివ్వండి. సంచి సగం దాటగానే ఖాళీ చేయండి, బరువుకు తొడుగు ఊడిపోతుంది. తొడుగు చుట్టూ మామూలు ప్లాస్టర్ మాత్రం చుట్టకండి, అది బిగుసుకుంటే ప్రమాదం.


శెనక్కాయ_రైతు

సైజు ఎట్లా తెలుస్తుంది? అంగట్లో అడగాలంటే ఇబ్బంది.


వార్డు_సిస్టర్

చుట్టుకొలతను ఇంట్లోనే దారంతో చూసుకుని స్కేలు మీద పెట్టండి, దాన్ని మూడు పాయింట్ ఒకటి నాలుగుతో భాగిస్తే మిల్లీమీటర్లలో సైజు వస్తుంది. ప్యాకెట్ మీద ఉండేది ఆ అంకెనే. మామూలుగా 25, 30, 35 అలా ఉంటాయి. అంకె కాగితం మీద రాసి ఇవ్వండి, నోరు విప్పక్కర్లేదు. మొదట రెండు మాత్రమే కొని, ఇంటి దగ్గర ఒకరోజు వేసుకుని చూసి అప్పుడు చేనికి పోండి.